పాముకాటు మందు: ప్రిజర్వేటివ్ చేసే పని, ఫ్రిజ్ చేయాల్సిన పని

(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాముకాటు విరుగుడు మందు గురించే. ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) అనే ఆ మందు సీసాను ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు పనిచేస్తుంది, అందులో క్రిములు పెరగకుండా కలిపే ప్రిజర్వేటివ్ దాన్ని ఎంతవరకు కాపాడుతుంది అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. ఎవరికి ఎంత మందు ఎక్కించాలన్నది రోగిని చూసిన డాక్టరు నిర్ణయం. డోసుల అంకెలు ఇక్కడ నిల్వ లెక్కలు తెలియడానికే ఇచ్చాం.

ప్రశ్న: ఏఎస్‌వీ పెట్టె మీద ‘క్రెసాల్ 0.25 శాతం’ అని ఉంది. క్రెసాల్ అంటే ఆస్పత్రి నేల కడిగే లైసాల్‌లో ఉండేదే కదా! దాన్ని నరంలోకి ఎలా ఎక్కిస్తారు? అసలు ఎందుకు కలుపుతారు? – ఫార్మసీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: అదే పదార్థం. కాకపోతే నేల కడిగే ద్రావణంలో సగం దాకా క్రెసాలే ఉంటుంది, ఇక్కడ నాలుగు వందల వంతుల్లో ఒక వంతు.

ఎందుకు కలుపుతారో తెలియాలంటే తయారీ తెలియాలి. గుర్రాలకు పాము విషాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను ప్లాస్మా నుంచి వేరు చేస్తారు. పెప్సిన్ అనే ఎంజైముతో యాంటీబాడీ తోకభాగాన్ని తెంపేసి, విషాన్ని పట్టుకునే భాగాన్ని మాత్రం ఉంచుకుంటారు. ఇది ప్రొటీన్. చివర్లో ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టి వేడి చేస్తే గడ్డకట్టుకుపోతుంది. అందుకే 0.22 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టి, క్రిములు చేరని గదిలో సీసాల్లో నింపుతారు. ఆ దారిలో ఒక్క బ్యాక్టీరియా జారినా దానికి ప్రొటీన్ ద్రావణం కంటే మంచి మేత దొరకదు. అది పెరగకుండా ఆపడానికే క్రెసాల్ గానీ ఫినాల్ గానీ కలుపుతారు.

మోతాదుకు హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఫినాల్ అయితే లీటరుకు 2.5 గ్రాములు, క్రెసాల్ అయితే 3.5 గ్రాములు మించకూడదు. ఎక్కువైతే అది క్రిములతో పాటు యాంటీబాడీలనూ దెబ్బతీస్తుంది. ప్రొటీన్ ముద్దలు కట్టి ద్రావణం మబ్బుగా మారుతుంది. రోగికి రక్తపోటు పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

రోగి ఒంట్లోకి ఎంత పోతుందో లెక్క వేయండి. పది సీసాలు, ఒక్కోటి 10 మి.లీ., మొత్తం 100 మి.లీ. అందులో 0.25 శాతం అంటే క్రెసాల్ పావు మి.లీ. దాన్ని సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంట సేపు ఎక్కిస్తారు కాబట్టి శరీరం తట్టుకుంటుంది. అయితే ఈ లెక్క ఇంకో ప్రిజర్వేటివ్‌కు వర్తించదు. పాదరసం ఉండే థయోమెర్సాల్‌ను టీకాల్లో 0.01 శాతం వాడితే అర మి.లీ. డోసులో 0.025 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అదే 0.01 శాతాన్ని ఏఎస్‌వీలో కలిపి 100 మి.లీ. ఎక్కిస్తే దాదాపు 5 మిల్లీగ్రాములు. అంటే టీకాకు రెండు వందల రెట్లు. పిల్లలకూ పెద్దలకూ ఏఎస్‌వీ డోసు ఒకటే కావడంతో చిన్నపిల్లల విషయంలో ఇది మరీ బరువు. విరుగుడు మందుల్లో పాదరసం ప్రిజర్వేటివ్‌లు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఈ పరిమాణమే.

ఇంకొకటి. మన దగ్గర ఎక్కువగా దొరికేది పొడి ఏఎస్‌వీ. గడ్డకట్టించి, వాక్యూమ్‌లో నీరు లాగేసి పొడి చేస్తారు. క్రెసాల్, ఫినాల్ ఆవిరయ్యే గుణం ఉన్నవి కాబట్టి ఆ దశలో కొంత పోతాయి. పొడిలో క్రిములు పెరగడానికి నీరే ఉండదు గనుక పెద్ద నష్టం లేదు. ఏఎస్‌వీ ఎక్కించేటప్పుడు వచ్చే దద్దుర్లు, చలి జ్వరం, ఆయాసం ప్రిజర్వేటివ్ వల్లనే అని చాలామంది అనుకుంటారు. చాలా వరకు వాటికి మూలం గుర్రం ప్రొటీన్లు, తయారీలో మిగిలిపోయిన జ్వరకారక మలినాలు. క్రెసాల్‌ను తీసేసినంత మాత్రాన అవి ఆగవు.

ప్రశ్న: మాది ఇరవై పడకల నర్సింగ్ హోమ్. పొడి సీసాలు, ద్రవ సీసాలు రెండూ వస్తుంటాయి. ఎండాకాలం కరెంటు కోతలతో ఇబ్బంది. ప్రిజర్వేటివ్ ఉంది కదా, కొన్ని గంటలు వేడి తగిలితే ఏమీ కాదని మా సరఫరాదారు అంటున్నారు. నిజమేనా? – ఫార్మసిస్టు, చిత్తూరు

జవాబు: కాదు. ప్రిజర్వేటివ్ క్రిములను ఆపుతుందే గానీ వేడిని ఆపలేదు. వేడికి యాంటీబాడీలు మెల్లమెల్లగా మడత విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. విషాన్ని పట్టుకునే శక్తి తగ్గుతుంది. చిక్కేమిటంటే ఇది కంటికి కనిపించడానికి చాలా ముందే జరిగిపోతుంది. ద్రావణం తేటగా ఉందంటే పనిచేస్తుందని భరోసా లేదు. మబ్బుగా ఉంటే మాత్రం పారేయాల్సిందే.

మొదట పెట్టె మీద రాసింది చదవండి, కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది. ద్రవ ఏఎస్‌వీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. పొడి ఏఎస్‌వీ మీద కొందరు 25 డిగ్రీలు మించరాదని, కొందరు చల్లని చీకటి చోట ఉంచమని రాస్తారు. మన ఔషధ నియమావళిలోని షెడ్యూల్ పి ప్రకారం ‘చల్లని చోటు’ అంటే 10 నుంచి 25 డిగ్రీలు. మందుల గదిలో ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన అది చల్లని చోటు అయిపోదు. మే నెలలో చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ ఏసీ లేని గది 25 డిగ్రీల్లో ఉండడం జరగని పని. పలమనేరు, కుప్పం వైపు కాస్త నయం, అంతే. కాబట్టి పొడి సీసాలను కూడా ఫ్రిజ్‌లోనే పెట్టండి. 2–8 డిగ్రీలు పొడికి ఏ హానీ చేయవు. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. పెట్టెలో పొడితో పాటు నీటి ఆంపూల్ ఉంటుంది, గడ్డకడితే అది పగులుతుంది.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. తలుపు అరల్లో పెడితే తెరిచిన ప్రతిసారీ వేడి తగులుతుంది. వెనక గోడకు ఆనిస్తే, లేదా చల్లగాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా పెడితే గడ్డకడుతుంది. మధ్య అరలో, గోడకు నాలుగు వేళ్ల ఎడంగా, అట్టపెట్టెలోనే ఉంచి పెట్టండి. పెట్టె వెలుతురును అడ్డుకుంటుంది, బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా చూస్తుంది. కింది అరల్లో ఖాళీ ఉంటే నీళ్లు నింపిన సీసాలు పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఆ నీళ్లే చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. టిఫిన్ డబ్బాలు, పాల ప్యాకెట్లు, ల్యాబ్ శాంపిళ్లు ఆ ఫ్రిజ్‌లో ఉండకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల వాళ్లకు ఒక మాట: టీకాల ఐఎల్‌ఆర్‌లో (గోడల్లో ఐసు పొర ఉండే టీకాల ఫ్రిజ్‌లో) జాగా ఉంది కదా అని ఏఎస్‌వీ అందులో పెట్టకండి. అది టీకాలకే. పైనుంచి తెరిచే ఐఎల్‌ఆర్‌లో అడుగుభాగం మరీ చల్లగా ఉండి ద్రవ ఏఎస్‌వీ గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

ఫ్రిజ్ తలుపు మీద మెరిసే అంకెను నమ్మొద్దు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు కొని, దాని తీగ కొసను చిన్న గ్లిజరిన్ సీసాలో ముంచి, మందుల పక్కనే పెట్టండి. గాలిలో వదిలేస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె ఎగురుతుంది, గ్లిజరిన్‌లో ఉంటే మందుకు నిజంగా తగిలే వేడి ఎంతో చెబుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసి సంతకం పెట్టాలి. ఆదివారం గళ్లు ఖాళీగా ఉండే రిజిస్టర్లు చాలా చోట్ల కనిపిస్తాయి. సోమవారం పొద్దున కనిష్ఠం, గరిష్ఠం చూస్తే ఆదివారం ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఆ అంకెలు రాసుకున్నాకే థర్మామీటరును రీసెట్ చేయండి.

కరెంటు పోతే టైము రాసుకోండి, తలుపు తెరవకండి. థర్మామీటరు తెర బయట ఉంటుంది కాబట్టి తెరవాల్సిన పని లేదు. 8 దాటేలా ఉంటే ఐస్ ప్యాకులున్న కోల్డ్ బాక్స్‌లోకి మార్చండి. 8 దాటిపోయిందంటే ఆ సీసాలను పారేయొద్దు, వాడనూ వద్దు. మళ్లీ 2–8లోకి తెచ్చి, వేరే డబ్బాలో పెట్టి ‘ఆపి ఉంచినవి’ అని రాయండి. గరిష్ఠంగా ఎంత వేడి తగిలింది, ఎంతసేపు తగిలింది, బ్యాచ్ నంబర్లు ఏమిటి అన్నవి రాసి కంపెనీని అడగండి. ఆ మందు స్థిరత్వ పరీక్షల వివరాలు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఎండలో నిలబెట్టిన బండిలో మిగిలిపోయిన ద్రవ సీసాల గురించి మాత్రం ఎవరినీ అడగాల్సిన పని లేదు, పారేయాల్సిందే.

గడ్డకట్టిన ద్రవ ఏఎస్‌వీ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. నీరు ముందు మంచుగా మారితే ప్రొటీన్, ఉప్పు, ప్రిజర్వేటివ్ అన్నీ మిగిలిన కాస్త ద్రవంలోకి చిక్కగా చేరతాయి. యాంటీబాడీలు ముద్ద కట్టేది అక్కడే. టీకాలకు చేసే షేక్ టెస్టు (సీసాను ఊపి చూసే పరీక్ష) చేసి చూస్తామని కొందరు అంటుంటారు. ఆ పరీక్ష అల్యూమినియం లవణం ఉన్న టీకాలకే పనికొస్తుంది, ఏఎస్‌వీకి కాదు.

ప్రశ్న: తిరుపతి డీలరు దగ్గర నుంచి మోటార్ సైకిల్ మీద సీసాలు తెచ్చుకుంటాం. ఐస్‌క్రీమ్ షాపులో ఐసు కొని క్యారీబ్యాగులో వేసి తేవచ్చా? – మెడికల్ షాపు యజమాని, శ్రీకాళహస్తి

జవాబు: ఆ పద్ధతిలో రెండు తప్పులున్నాయి. ఐసు నేరుగా తగిలిన సీసా గడ్డకట్టవచ్చు. ఐసు కరిగిన నీళ్లలో లేబుళ్లు ఊడిపోతాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవడానికి వీల్లేని సీసాను ఏ ఆస్పత్రీ తీసుకోదు, తీసుకోకూడదు కూడా.

మందమైన గోడలున్న టీకా క్యారియర్ లాంటి పెట్టె వాడండి. ఐస్ ప్యాకులను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టకుండా బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగండి. అప్పుడు ప్యాకు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, అంతకంటే కిందికి లాగదు. ప్యాకుకూ మందు పెట్టెలకూ మధ్య అట్టముక్క వేయండి. పొడి సీసాలకైతే గంట ప్రయాణానికి ఐసు అక్కర్లేదు, నీడ చాలు. కానీ బండి డిక్కీలో గానీ పెట్రోలు ట్యాంకు మీది సంచీలో గానీ వద్దు. ఎండకు అవి ఎంత కాలిపోతాయో చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. పొద్దున్నే బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా, దిగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. డీలరు ఇచ్చేటప్పుడే అతని ఫ్రిజ్ రిజిస్టరు చూపించమని అడగడం మీ హక్కు. అక్కడే వేడెక్కిన సరుకును మీరెంత జాగ్రత్తగా తెచ్చినా లాభం లేదు.

ప్రశ్న: మాకు ఆరు ఆవులున్నాయి. పోయిన వానాకాలం గడ్డివాము దగ్గర ఒక ఆవును పింజర కరిచింది. ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది సార్. మనుషులకూ పశువులకూ పనికొస్తుంది కదా, ఒక సీసా తెచ్చి పెట్టుకుంటే మంచిదా? – పాడి రైతు, పలమనేరు

జవాబు: వద్దు. ఒక సీసాతో మనిషికే చికిత్స అవదు. జాతీయ చికిత్స మార్గదర్శకాల ప్రకారం మొదటి డోసే 8 నుంచి 10 సీసాలు. దాన్ని నరంలోకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ఒక్కసారిగా ఊపిరి ఆడక, రక్తపోటు పడిపోతే వెంటనే తొడ కండలో అడ్రినలిన్ ఇవ్వాలి. ఇంటి దగ్గర ఇవేవీ ఉండవు. ఆ సీసా కోసం ఇంట్లో గడిపే పది నిమిషాలు పేషెంటుకు నష్టం. మీ ఫ్రిజ్ తలుపు పాల కోసం, పెరుగు కోసం రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో మీకే తెలుసు.

పశువులకూ ఇదే మందు వాడతారు, కానీ ఎన్ని సీసాలన్నది పశువైద్యుడే చెప్పాలి. మీ మండల పశువైద్యశాలలో ఏఎస్‌వీ ఉందా, లేకపోతే దగ్గర్లో ఎక్కడుంది అన్నది ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962, మనుషులకైతే 108. ఈ రెండు నంబర్లూ, దగ్గరి ఆస్పత్రి నంబరూ పశువుల కొట్టం గోడ మీద రాసి పెట్టండి. మనిషిని కరిస్తే ఆ కాలిని కదలకుండా చెక్కబద్దతో ఆనించండి, గట్టిగా తాడు బిగించకండి. ఆకుమందు పెట్టి పుత్తూరు కట్టు కట్టించినట్టు కట్టేసి ఇంట్లో పడుకోబెట్టే వాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కట్టు పేరు తెచ్చుకున్నది విరిగిన ఎముకలతో, పాము విషంతో కాదు.

ప్రశ్న: తలకోన అడవిలోకి ట్రెక్కింగ్‌కు వెళ్తుంటాం. పొడి మందుకు ఫ్రిజ్ అక్కర్లేదంటున్నారు, బ్యాగులో రెండు సీసాలు పెట్టుకోవచ్చా? – కాలేజీ విద్యార్థి, తిరుపతి

జవాబు: పలమనేరు రైతుకు ఇచ్చిన జవాబే మీకూ. బ్యాగులో చీలమండ దాటే బూట్లకు, టార్చిలైటుకు, ఛార్జింగ్ ఉన్న ఫోనుకు చోటు ఉంచుకోండి.

ప్రశ్న: పొడి కలిపేటప్పుడు నురుగు వస్తోంది, కొన్ని సీసాలు తొందరగా కరగవు. ఒక్కోసారి కలిపిన మందు మిగిలిపోతుంది. ప్రిజర్వేటివ్ ఉంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడొచ్చా? – స్టాఫ్ నర్సు, కుప్పం ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం

జవాబు: మిగిలింది పారేయండి. ఎందుకో కూడా చెబుతాం. సీసా మూతలో సూది దిగిన క్షణం నుంచి బయటి క్రిములకు దారి దొరికింది. 0.25 శాతం క్రెసాల్ కంపెనీలో జరిగే చిన్న పొరపాటుకు కాపలా మాత్రమే. వార్డులో పదిసార్లు సూది దిగే సీసాకు అది చాలదు. పైగా పది సీసాల మందును సెలైన్‌లో కలిపి మొత్తం 500 మి.లీ. చేశారనుకోండి, క్రెసాల్ 0.05 శాతానికి పడిపోతుంది. ఆ పలుచదనంలో అది ఉన్నా లేనట్టే. వేలాడుతున్న డ్రిప్ బాటిల్‌కు ప్రిజర్వేటివ్ రక్షణ లేదన్నమాట. కలిపిన వెంటనే ఎక్కించాలి. రోగిని రెఫర్ చేయాల్సి వస్తే ముందే కలిపి బాటిల్ చేతికిచ్చి పంపడం కూడా ఇదే తప్పు. ఎక్కుతున్న డ్రిప్‌తో, తోడుగా నర్సుతో, అంబులెన్సులో అడ్రినలిన్‌తో పంపాలి.

కలిపే పద్ధతి ఇది. పెట్టెలో ఇచ్చిన 10 మి.లీ. స్టెరైల్ నీళ్లే వాడండి. సూదిని సీసా గోడకు ఆనించి నీళ్లు గోడ వెంట జారనివ్వండి, పొడి మీద చిమ్మకండి. తర్వాత సీసాను అరచేతుల మధ్య మెల్లగా తిప్పండి. కుదిపితే నురుగు వస్తుంది. ఆ గాలి బుడగల అంచుల్లోనే ప్రొటీన్ పాడవుతుంది, నురుగులో చిక్కిన మందు సిరంజిలోకీ రాదు. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లని పొడి నిదానంగా కరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి. వేడినీళ్లలో ముంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది వద్దు. పది సీసాలు ఒక్కరే కలిపితే ఆలస్యమవుతుంది, ఇద్దరు కూర్చోవాలి. కరిగాక సీసాను తెల్లగోడ ముందు ఒకసారి, నల్లటి దాని ముందు ఒకసారి పట్టి చూడండి. పోగులు, రేణువులు, మబ్బు కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టి బ్యాచ్ నంబరు రాయండి. అదే బ్యాచ్‌లో రెండోది కూడా అలాగే ఉంటే ఆ బ్యాచ్ మొత్తం ఆపి ఔషధ నియంత్రణ అధికారికి తెలియజేయండి.

నీళ్లు పోయకముందే చూడాల్సింది ఒకటుంది. పొడి తెల్లగానో లేత పసుపుగానో, విడివిడిగానో పొరగానో ఉండాలి. కుంచించుకుపోయి, జిగటగా సీసా అడుగున అంటుకుని ఉంటే మూత సందులోంచి తేమ చేరిందని అర్థం. తేమ చేరితే పొడి మందుకు ఉన్న ప్రత్యేకతంతా పోయినట్టే, దాని గడువు తేదీని నమ్మడానికి లేదు.

మందు మిగిలిపోకుండా చూడాలంటే తొందరపడి సీసాలు తెరవకూడదు. కరిచిన గుర్తు ఉన్నంత మాత్రాన ఏఎస్‌వీ ఇవ్వరు. విషం ఎక్కిన లక్షణాలు కనిపించాలి. రక్తపింజర, చిన్నపింజర కాటుకు 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తారు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గొట్టం గాజుదే కావాలి. ప్లాస్టిక్‌లో రక్తం సరిగ్గా గడ్డకట్టదు, సబ్బుతో కడిగి వాడిన గాజు గొట్టం కూడా తప్పు ఫలితం ఇస్తుంది. ఈ ఒక్క గొట్టం సరిగ్గా లేక పది సీసాలు వృథా అయ్యే అవకాశం ఉంది. చర్మం మీద టెస్ట్ డోసు వేయడం కూడా మానేయండి. రియాక్షన్ వస్తుందో రాదో అది ముందుగా చెప్పలేదు, సమయమూ మందూ పోతాయి. జాతీయ మార్గదర్శకాలు కూడా వద్దనే అంటున్నాయి.

ఏఎస్‌వీ పక్కనే ఉండాల్సిన అడ్రినలిన్ ఆంపూళ్ల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. అడ్రినలిన్ శత్రువు గాలిలోని ఆక్సిజన్, వెలుతురు. అందుకే అందులో సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతారు. అది క్రిముల కోసం కాదు, మందు ఆక్సీకరణం చెందకుండా ఉండడానికి. అయినా ట్రేలో వెలుతురులో నెలల తరబడి పడి ఉంటే గులాబీ రంగుకో గోధుమ రంగుకో మారుతుంది. రంగు మారిన ఆంపూల్ పనికిరాదు. పెట్టెలోనే ఉంచి, నెలకోసారి తీసి చూడండి.

ప్రశ్న: మా ఆస్పత్రిలో 14 సీసాల గడువు రెండు నెలల్లో అయిపోతోంది. గడువు దాటిన మరునాడే మందు విషమైపోతుందా? అత్యవసరంలో వేరే దారి లేకపోతే? – స్టోర్ కీపర్, పుత్తూరు

జవాబు: విషం కాదు. సరిగ్గా నిల్వ చేస్తే ఆ తేదీ దాకా లేబుల్ మీద రాసినంత శక్తి ఉంటుందని కంపెనీ ఇచ్చే హామీ అది. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా లెక్క. తర్వాత శక్తి మెల్లగా తగ్గుతుంది, ఎంత తగ్గిందో వార్డులో కొలవలేం. ప్రాణాపాయంలో ఉన్న రోగికి మరో మందే దొరకనప్పుడు, సరిగ్గా నిల్వ ఉండి, ఈమధ్యే గడువు దాటిన, తేటగా ఉన్న ఏఎస్‌వీని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఆ నిర్ణయం డాక్టరుది, కేసు షీటులో కారణం రాయాలి. స్టోర్ కీపర్ గడువు దాటినవాటిని ‘అవసరానికి ఉంటాయిలే’ అని మంచి సీసాల పక్కన ఉంచడం వేరే సంగతి, అది నేరం కిందికి వస్తుంది.

మీ 14 సీసాలకు ఇంకా రెండు నెలలుంది. కేసులు ఎక్కువ వచ్చే పెద్దాస్పత్రికి ఇప్పుడే రాసి, వాటిని అక్కడికి పంపి, దూరపు గడువువి మార్చుకోండి. తిరుపతి రుయా లాంటి చోట అవి వృథా కావు. ఇకపై, ముందుగా వచ్చినవి కాదు, ముందుగా గడువు అయ్యేవి ముందు వాడండి. కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ పాతవాటిని ముందుకు జరపాలి. వీటిలో పొడి సీసాలకు సాధారణంగా ద్రవ సీసాల కంటే గడువు ఎక్కువ, అరుదుగా వాడే చిన్న ఆస్పత్రులకు పొడే మేలు.

14 సీసాలంటే ఒక్క రోగి మొదటి డోసుకు సరిపోయే సరుకని కూడా గుర్తుంచుకోండి. రక్తం గడ్డకట్టకపోతే ఆరు గంటల తర్వాత మళ్లీ డోసు ఇవ్వాల్సి వస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను కాలేయం మళ్లీ తయారు చేసుకోవడానికి దాదాపు అంత సమయం పడుతుంది. రక్తం మీద పనిచేసే విషానికి 30 సీసాల దాకా, నరాల మీద పనిచేసే విషానికి 20 దాకా వెళ్లవచ్చు. మన ప్రాంతానికి నైరుతి వానలు, ఈశాన్య వానలు రెండూ ఉన్నాయి. వేరుశనగ, వరి పనులు కూడా అప్పుడే. కాబట్టి జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి నిల్వ సరిచూసుకోండి. ఏడాదికి సరిపడా ఒకే బ్యాచ్ కొనేస్తే అన్నిటి గడువూ ఒకే నెలలో ముగుస్తుంది.

ప్రశ్న: కరిచిన పామును చంపి తెస్తే దానికి తగ్గ మందు ఇస్తారని మా పెద్దాయన అంటారు. పాముకో మందు ఉంటుందా? – గృహిణి, చంద్రగిరి

జవాబు: మన దేశంలో ఇచ్చే ఏఎస్‌వీ ఒకటే, నాలుగు పాములకు: తాచుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కలిపిన మందు ఒక్కో మి.లీ. తాచుపాము విషం 0.6 మిల్లీగ్రాములు, కట్లపాముది 0.45, రక్తపింజరది 0.6, చిన్నపింజరది 0.45 విరిచేయాలి. అది లేబుల్ మీదే ఉంటుంది. పామును వెతుకుతూ పోతే ఇంకొకరికి కాటు పడవచ్చు, తల తెగిన పాము కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుంచి ఫోనులో ఫొటో తీయడం కుదిరితే చాలు, కుదరకపోతే వదిలేసి ఆస్పత్రికి బయలుదేరండి. జెర్రిపోతు అని తేలినా డాక్టరు చూశాకే ఇంటికి రావాలి.

ఈ మందుకు కావాల్సిన విషంలో ఎక్కువ భాగం మన పక్కనే, చెన్నై దగ్గర ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం సేకరించేది. 1978లో మొదలైన సంఘం అది. తీసిన విషాన్ని గడ్డకట్టించి, నీరు లాగేసి పొడి చేసి, చల్లగా దాస్తారు. దానికి ఏ ప్రిజర్వేటివూ కలపరు, నీరు లేకపోవడమే దానికి కాపలా. ఒక ప్రాంతం పాముల విషం మరో ప్రాంతపు వాటితో పూర్తిగా ఒకేలా ఉండదు. దేశంలో ఒక మూల పనిచేసినంత బాగా ఇంకో మూల పనిచేయకపోవడానికి అదొక కారణం.

ప్రశ్న: ఖాళీ సీసాలు, గడువు దాటినవి ఎలా పారేయాలి? – ల్యాబ్ టెక్నీషియన్, నగరి

జవాబు: 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం గడువు దాటిన మందు పసుపు సంచిలోకి, ఖాళీ గాజు సీసాలు నీలం గుర్తున్న గుచ్చుకోని పెట్టెలోకి, సూదులు తెల్లని డబ్బాలోకి. సింకులో పారబోయకండి. పంపే ముందు లేబుల్ మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, స్టాకు పుస్తకంలో బ్యాచ్ నంబరుతో సహా కొట్టేయండి. లేబుల్ చెక్కుచెదరకుండా వెళ్లిన సీసా మళ్లీ సంతలోకి వచ్చే వీలుంది.